స్థిరరాశికీ తరుగు తప్పదు

ప్రోగ్రామింగ్ నేర్పే ప్రతి పుస్తకమూ రెండో అధ్యాయానికి రాగానే, స్థిరరాశి అంటే ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ మారని విలువ అని జంకూ గొంకూ లేకుండా నిర్వచించి, ఉదాహరణగా పై (π) విలువ 3.14 అని ఒక ముక్క రాసి, మూడో అధ్యాయానికి వెళ్ళిపోతుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా తన పాటికి తాను స్థిరంగా ఉన్న అంకెను తెచ్చి స్థిరత్వానికి ఉదాహరణగా నిలబెట్టడం, ఈత నేర్పుతానని పిలిచి చేపను చూపించి పంపేయడం వంటిది. కడప జిల్లా వల్లూరులో ఇంటర్ ముగించి, సెలవుల్లో పైథాన్ పట్టుకొని, ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణానికి బిల్లు లెక్క రాసిపెట్టడానికి ఒప్పుకొన్న కుర్రవాడికి పై విలువతో పని పడదు. అతనికి పని పడేది తులంతో, సవరతో, తరుగుతో, జీఎస్టీతో, చిరునామాలో రాయవలసిన జిల్లా పేరుతో. అతని ప్రోగ్రాంలో ఇవన్నీ స్థిరరాశులే గాని, ఇంతవరకు స్థిరంగా ఉన్నది వీటిలో దాదాపు ఒక్కటీ లేదు.

పైథాన్ స్క్రిప్టింగ్ భాష, అనగా రాసిన వరుసలను అప్పటికప్పుడు చదివి అమలు చేసే సరళమైన భాష. అందులో స్థిరరాశి అనే సదుపాయమే లేదు. మార్చకూడని విలువ పేరును అన్నీ పెద్ద అక్షరాలతో రాయాలని 2001 నాటి శైలీ నియమావళి సలహా ఇస్తుంది. పెద్ద అక్షరాలను చూసినవాడు వెనక్కి తగ్గుతాడని దాని ఆశ. మూడో పైథాన్ 2008లో వచ్చిన నాటినుంచి పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు కనుక, తులం = 11.66 అని రాస్తే యంత్రం నిక్షేపంగా ఒప్పుకొంటుంది. అయితే తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు. యాభై ఆరు అక్షరాలూ సమాన హోదాతో కూర్చున్న లిపిలో, దీన్ని ముట్టుకోవద్దని చెప్పడానికి ఏ అక్షరాన్ని లావు చేయాలో నియమావళి రాసినవారికి తట్టలేదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో పొల్లు హల్లు కింద వత్తు పడకుండా ఉండటానికి కంటికి కనబడని గుర్తు ఒకటి మధ్యలో చేరుతుంది. ఆ మాటను పేరుగా పెడితే పైథాన్ తప్పు పట్టుకొని ప్రోగ్రాంను నడవనివ్వదు. కనబడని దోషానికి కనబడే శిక్ష అన్నమాట. ఇక ౧౦ అనే తెలుగు అంకెను కొటేషన్ల మధ్య రాసి సంఖ్యగా మార్చమంటే 10 అని తడుముకోకుండా చదివే ఈ భాష, కొటేషన్లు తీసేసి అదే అంకెను నేరుగా రాస్తే మాత్రం చదువు రాదంటుంది.

తులం సంగతి కొంత విస్తరించి చెప్పవలసి ఉన్నది. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లుగా, అంటే ఇప్పటి లెక్కలో 11.6638 గ్రాములుగా ఖాయం చేసింది. వెండి రూపాయి బరువూ అంతే కావడం వల్ల, త్రాసులో రూపాయి బిళ్ళ వేస్తే సర్కారే రాయి వేసినట్టు లెక్క. కడప జిల్లా చేరి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. బెంగాలులో 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు. కనుక ఇక్కడి మణుగు 960 తులాల దగ్గర, అనగా సుమారు 11.2 కిలోల దగ్గర ఆగిపోగా, అక్కడి మణుగు 3,200 తులాల దాకా సాగి 37 కిలోలు దాటింది. ఒకే పేరు ఒక్కొక్క విలువతో చెల్లే ఒక్కొక్క హద్దును ప్రోగ్రామింగ్‌లో పరిధి అంటారు. పుస్తకాలు దీనిని కొత్త సంగతిగా వర్ణించినా, మద్రాసులో మణుగు బియ్యం తిని కలకత్తాలో మణుగు బియ్యం మోసినవాడి నడుముకు ఇది ఏనాడో తెలుసు. తర్వాత 1956 తూనికల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి, తులం క్రమంగా చట్టంలోనుంచి వెళ్ళిపోయింది. బజారు గ్రామును ఒప్పుకొన్నది గాని తులం పేరును వదలలేదు, 11.6638తో గుణించడం ఎందుకులెమ్మని తులాన్నే 10 గ్రాములకు కోసివేసింది. అదే చేత్తో, 7.988 గ్రాములుండే ఇంగ్లీషు సవరన్ నాణెం పేర వచ్చిన సవరను 8 గ్రాములకు పెంచింది. ఫలితమేమంటే, 1950లో పది తులాలని చీటీ రాసి పెట్టెలో పెట్టిన నగలను నేడు తూస్తే 116.6 గ్రాములు తూగి, నేటి లెక్కన పదకొండున్నర తులాలు దాటుతాయి. కదలకుండా కూర్చున్న బంగారం పెట్టెలోనే పెరిగిందని మురిసిపోయే ఇల్లు ఉండవచ్చు. నలుగురు వాటాదారులున్న ఇంట్లో ఆ పైన తేలిన 16.6 గ్రాములు ఎవరివన్న పేచీకి ఏ భాషలోనూ ఆపరేటర్ లేదు. ప్రోగ్రాంలో పైన తులం = 11.66 అనీ, కింద తులం = 10 అనీ రాస్తే, పైథాన్ కిమ్మనకుండా కిందిదే పట్టుకొంటుంది. కంపెనీవారి చట్టానికీ బజారు అలవాటుకూ మధ్య దానికి పక్షపాతం లేదు. చివర మాట్లాడినవాడిదే నెగ్గు.

జావాస్క్రిప్ట్ ఈ విషయంలో కొంత కట్టుదిట్టం. 2015 నుంచి అందులో కాన్‌స్ట్ అనే కీలకపదం ఉంది. దానితో కట్టిన పేరుకు రెండో విలువ ఇవ్వబోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. కాని ఆ పేరు ఒక జాబితాకు పెట్టినదైతే, జాబితాలోని వస్తువులన్నిటినీ నిరభ్యంతరంగా మార్చుకోవచ్చు. నగల పెట్టె స్థిరం, నగలు అస్థిరం.

ఆపరేటర్లు, అనగా విలువల మధ్య నిలబడి ఏ పరిక్రియ చేయాలో చెప్పే +, -, * వంటి గుర్తులు, ఇంత మోసం చేయవు. చెప్పింది చెప్పినట్టు చేయడమే వాటి దోషం. సమానతకు రెండు సమాంతర గీతలను 1557లో రాబర్ట్ రికార్డ్ ఎంచుకొన్నది వాటికంటే సమానమైనవి మరి రెండు ఉండవన్న నమ్మకంతో; పైథాన్ ఆ గుర్తును ఈ విలువను ఈ పేరుకు అంటగట్టు అనే ఆజ్ఞకు వాడేసుకొని, నిజంగా సమానమా అని అడగవలసి వచ్చినప్పుడు == అని రెండు సార్లు రాయిస్తుంది. నగ బరువు 10 గ్రాములు, తరుగు 1 గ్రాము, గ్రాము ధర 9,000 రూపాయలు అనుకొని, 10 + 1 * 9000 అని రాస్తే, గుణకారం ముందు, సంకలనం తర్వాత అనే ప్రాధాన్య నియమం ప్రకారం వచ్చే బిల్లు 9,010 రూపాయలు. ఆ ధరకు అమ్మే దుకాణమే ఉంటే ప్రొద్దుటూరుకు ప్రత్యేక రైళ్ళు వేయవలసి వచ్చేది. (10 + 1) * 9000 అని కుండలీకరణాలు పెడితే 99,000 వస్తుంది. దానిపై 2017 జులై నుంచి ఉన్న 3 శాతం జీఎస్టీ వేరు. అదే 10, 1 కీబోర్డు నుంచి అంకెలుగా కాక అక్షరాలుగా అందితే, + వాటిని కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. ఆ అతుకును తర్వాత సంఖ్యగా మార్చి గుణిస్తే 101 గ్రాములకు బిల్లు తయారవుతుంది. మొదటి తప్పు వెంటనే పట్టుబడుతుంది, రెండోది కొన్నవాడు అరిచేదాకా పట్టుబడదు. ఇక 0.1 గ్రాముకు 0.2 గ్రాము కలపమంటే పైథాన్ చెప్పే జవాబు 0.30000000000000004. దశాంశాలను రెండు అంకెల పద్ధతిలోకి మార్చి దాచుకోవడంలో మిగిలిన ఆ చివరి 4ను తూచగల త్రాసు పసిడిపురి అనిపించుకొన్న ప్రొద్దుటూరులో కూడా లేదు.

ఏమిటో వివరించకుండా వదిలేసిన అంకెను ప్రోగ్రామర్లు మాయసంఖ్య అని నిందిస్తారు గాని, కడప సీమ ఆ విద్యలో పాతకాపు. తెలుగులో శాసనాలు వేయించిన రేనాటి చోళుల దేశానికి రేనాడు ఏడువేలు అని పేరు. ఏడువేలు గ్రామాలా, రాబడా అన్నది పక్కన రాయకపోవడం వల్ల చరిత్రకారులు నేటికీ వాదించుకొంటున్నారు. జిల్లా పేరైనా నిలకడగా ఉందా అంటే, ఇంగ్లీషు వర్ణక్రమం 2005లో మారింది, 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. రాష్ట్రంలో జిల్లాలు 13 అని ప్రోగ్రాంలో రాసుకొన్నవారికి 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి.

ఇటువంటి మార్పులను దిద్దుకోవచ్చు, విసుక్కొంటూనైనా. గండికోట జలాశయంలో 26.85 టీఎంసీల నీరు నిలపడం కోసం 2020లో ఖాళీ చేయించిన తాళ్లప్రొద్దుటూరు మాత్రం, అక్కడ పుట్టినవారి సర్టిఫికెట్లలో ఇప్పటికీ ఒక్క అక్షరం చెదరకుండా జన్మస్థలంగా ఉంది. ఆ పేరును == పెట్టి పోల్చితే యంత్రం నిజం అనే జవాబిస్తుంది; ఊరు ఉన్నదా అని దానిని ఎవరూ అడగరు, అడగడానికి గుర్తూ లేదు. పుస్తకంలోని నిర్వచనానికి అణువణువునా సరిపోయే స్థిరరాశి ఈ ప్రాంతంలో అదొక్కటే దొరుకుతుంది.

పాఠ్యపుస్తకాలు రాసేవారు ఇకమీదట స్థిరరాశికి నిర్వచనంతో సరిపెట్టక, విలువ పక్కన అది గ్రాములా రూపాయలా, ఏ తేదీ నుంచి, ఎవరి లెక్క ప్రకారం అన్నది ఒక వరుస వ్యాఖ్యగా విద్యార్థి చేత రాయించవలసింది. పైథాన్‌లో వ్యాఖ్యకు # అనే ఒక్క గుర్తు చాలు. దానిపై ఇంకా జీఎస్టీ వేయలేదు.