పులి పడుకుంటే తప్పా?

యోగాలో గిన్నిస్ రికార్డు మనకే వచ్చింది. విశాఖ ఆర్కే బీచి నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మంది చాపలు పరిచారు. 2025 జూన్ 21, యోగా దినం, వెళ్ళిపోయింది, పంచిన టీ షర్టులు ఓ ఉతుకు కూడా చూశాయి. బొబ్బిలిలో మా వీధికి మాత్రం ఆ ఊపు ఇంకా దిగలేదు. రికార్డుకి ఎక్కని ఒళ్ళు ఒకటి వాళ్ళ కళ్ళబడింది. నాది.

నాకు లూపస్. కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. ఇది వచ్చిన పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళే. కీళ్ళనొప్పులు, జ్వరం ఎలాగూ ఉంటాయి. మనిషిని కూలేసేది నీరసం. రాత్రంతా నిద్రపోయి లేచినా, తల దువ్వుకోవడానికి ఎత్తిన చెయ్యి సగంలో దించేయాల్సి వచ్చే నీరసం. దీనికి మా వీధి వైద్యం ఏమిటంటే: "నాలుగింటికి లెగు, సూర్య నమస్కారాలు చెయ్యి, లేత ఎండ ఒంటికి తగలనీ. నీరసం ఎక్కడుంటాదో చూద్దుం."

ఎండట! లూపస్ ఉన్న చాలామందికి ఎండ తగిలితే జబ్బు తిరగబెడుతుంది. గొడుగు లేకుండా గుమ్మం దాటొద్దని డాక్టరుగారు చెప్పారు. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి నీడలోంచే దండం పెట్టుకుంటున్నాను. ఆయనేమీ అనుకోలేదు. ఆయన బదులు వీధి అనుకుంటోంది.

రాగిచెంబు నీళ్ళు, నువ్వులుండలు, దిష్టి తీయడం, అన్నీ సహించాను. ఒళ్ళు మండేది మాత్రం పులి వైద్యానికే. "ఏటమ్మా, బొబ్బిలోళ్ళమై ఉండి నీరసమేటి? బొబ్బిలి పులి తాండ్ర పాపారాయుడు తిరిగిన గడ్డ ఇది!" అంటాడు ఎదురింటి మావయ్య. సుగరొచ్చినా ఇదే మందు, డయాలసిస్ నుంచి వచ్చినా ఇదే మందు. 1982లో ఎన్టీఆర్ 'బొబ్బిలి పులి' సినిమా ఆడినప్పటి నుంచి ఇది మరీ చవకైపోయింది.

సరే, చరిత్రే మాట్లాడుకుందాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులొచ్చాయి. లోపలివాళ్ళకి ధైర్యం చాలక పడిపోలేదు కోట. ఎదుటివాడి ధైర్యం ఎంతో కనుక్కుని పేలవు ఫిరంగులు. ఆ వేళ బొబ్బిలి సేనాని పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి ఇక్కడ కాపాడడానికి ఏమీ మిగల్లేదు. "ఇంకో గంట ముందు లేచుంటే సరిపోయేది కదా నాయనా" అని ఆయన్ని ఏ బుర్రకథలోనూ ఎవరూ అడగలేదు. నన్ను రోజూ అడుగుతున్నారు.

పోనీ, నిజం పులినే తీసుకోండి. రోజులో చాలా భాగం అది పడుకునే ఉంటుంది. లేచిందంటే ఏ వేటకో, దాహానికో. ఎదురింటి మావయ్య లేడు గనక అడవిలో దాని పరువు దక్కింది.

వెటకారం చాలు. ఓపిక ఉన్న మేరకు నడవమని నాకు డాక్టరే చెప్పారు, నడుస్తున్నాను. ఆ మేర ఎంతో తేల్చాల్సింది నా ఒళ్ళు, మీ నోళ్ళు కాదు. నీరసం ఎక్స్‌రేలో పడదు, రక్తపరీక్షలో అంకెగా రాదు, కాబట్టి నటన అంటారు. కొడుకు పడుకుంటే అలిసిపోయాడు, కోడలు పడుకుంటే బద్ధకం. చట్టమూ అంతే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కేసింది. మన పక్క మన్యంలో పిల్లల్ని పీల్చేసే సికిల్ సెల్ అందులో ఉంది, ఉండాల్సిందే. లూపస్ పేరు లేదు.

ఇంకో సంగతి. ఊరూరా యోగా చేయించిన ఆ జూన్‌లోనే, ఫ్యాక్టరీల్లో రోజుపనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి మన రాష్ట్ర మంత్రివర్గం సరేనంది. పొద్దున్న శవాసనం, ఆనక పది గంటల షిఫ్టు. మా ఊరి పారిశ్రామికవాడ గ్రోత్ సెంటర్లో ఇలాంటి జబ్బుతో నిలబడి పనిచేసే మనిషి ఎవరితో చెప్పుకోవాలి? చెబితే పని పోతుంది, చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ మనిషికి ఏ ఆసనం వేయిస్తారు?

మా వీధివాళ్ళకి ఒకటే మనవి. సాయం చేయాలనుంటే ఓ పూట కూర వండి పంపండి. మధ్యాహ్నం రెండు దాటాక తలుపు కొట్టకండి, పడుకుంటాను. లేచాక ఎందుకు పడుకున్నావని అడగకండి.