ఐరిస్ డయాఫ్రం ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది మైక్రోస్కోప్ స్టేజీ కింద, నమూనా మీదికి వెలుగును కూడగట్టే కండెన్సర్ అడుగున ఉండే ఐరిస్ డయాఫ్రం. పలుచని లోహపు రేకులు ఒకదానిమీద ఒకటి ఒరిగి, నడుమ గుండ్రని సందు వదలడమే దీని నిర్మాణం. ఒక్కో రేకుకు ఒక కొస కదలకుండా ఉన్న చట్రంలో, రెండో కొస తిరిగే వలయంలో ఉంటుంది. పక్కకు పొడుచుకొచ్చిన మీటను జరిపితే రేకులన్నీ ఒక్కసారిగా కదిలి, కంటిపాపలా సందును పెంచుతాయి, లేదా తగ్గిస్తాయి.

ఈ జాతి విలువ లోకానికి తెలిసింది జర్మనీలోని యేనా నగరంలో. కార్ల్ జైస్ సంస్థలో పనిచేసిన ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో ప్రతిబింబం ఏర్పడే తీరును సిద్ధాంతీకరించాడు. నమూనాలోని సూక్ష్మ వివరాలు కాంతిని పక్కలకు విరజిమ్ముతాయి. అలా విరజిమ్మిన కిరణాలను నమూనాకు దగ్గరగా ఉండే లెన్సు, అంటే ఆబ్జెక్టివ్, ఎంత వెడల్పు కోణంలో అందుకుంటే అంత సన్నని వివరం కనబడుతుంది. ఆ కోణపు కొలతే న్యూమరికల్ అపెర్చర్. 1893లో ఆగస్ట్ కోలర్ ప్రచురించిన దీపపు అమరికలో రెండు డయాఫ్రంలకు రెండు వేర్వేరు పనులు ఏర్పడ్డాయి. దీపం దగ్గరిది స్లైడు మీద ఎంత మేర వెలుగు పడాలో నిర్ణయిస్తుంది. కండెన్సర్‌లోనిది ఆ వెలుగు ఎంత వెడల్పు శంకువుగా నమూనాను చేరాలో నిర్ణయిస్తుంది. ఈ కథ రెండోదానిది.

సందు పూర్తిగా తెరిస్తే శంకువు వెడల్పవుతుంది, వివరం పెరుగుతుంది. కానీ చెదురు కాంతి కూడా లోపలికొచ్చి బొమ్మ వెలవెలబోతుంది. మూస్తే అంచులు నల్లగా తేలతాయి, లోతు కూడా ఎక్కువ మేర స్పష్టమవుతుంది. కానీ ప్రతి అంచు చుట్టూ లేని వలయాలు పుడతాయి, పక్కపక్కనున్న రెండు చుక్కలు ఒకటైపోతాయి. లెక్క చూస్తే నష్టం చిన్నది కాదు. 40x ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపెర్చర్ సాధారణంగా 0.65. ఆకుపచ్చ కాంతిలో కండెన్సర్ కూడా 0.65కి తెరిచి ఉంటే సుమారు 0.52 మైక్రాన్ల దూరంలోని చుక్కలు విడివిడిగా కనబడతాయి. దాన్ని 0.2కి మూస్తే ఆ దూరం 0.79 మైక్రాన్లకు పెరుగుతుంది. కొన్న లెన్సు అదే, చూపు మాత్రం తగ్గింది.

అందుకే మధ్యేమార్గం స్థిరపడింది: ఆబ్జెక్టివ్ అపెర్చర్‌లో 70 నుంచి 80 శాతం. దాన్ని కుదుర్చుకోవడం తేలిక. ముందు స్లైడు మీద ఫోకస్ చేయాలి. తర్వాత ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే అడుగున వెలుగు వృత్తం కనబడుతుంది. మీట జరుపుతూ, ఆ వృత్తపు వ్యాసం ముప్పావు వంతుకు తగ్గేదాకా డయాఫ్రం అంచును లోపలికి రానివ్వాలి. ఐపీస్ తిరిగి పెట్టాలి. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాల్సిందే. 10xకి సరిపోయిన సందు 40xకి చాలదు.

నమూనాను బట్టి కొంత సడలింపు ఉంటుంది. రంగు పట్టించిన రక్తపు పూతకు, కఫం స్లైడుకు తెరిచిన సందే మేలు. తేడాను రంగే చూపిస్తుంది. రంగు వేయని మూత్రపు మడ్డిలో హయలైన్ కాస్టులు (మూత్రపిండ నాళికల అచ్చులు) దాదాపు గాజులా పారదర్శకం. వాటికోసం సందు తగ్గించక తప్పదు, లేకపోతే రోగి గురించి చెప్పవలసిన ఆధారం కళ్లముందే జారిపోతుంది. 100x ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఆబ్జెక్టివ్ అపెర్చర్ సాధారణంగా 1.25, కండెన్సర్‌కూ స్లైడుకూ నడుమ గాలి ఉన్నంతకాలం కింది శంకువు 1ని దాటలేదు. పూర్తిగా తెరిచినా 80 శాతం మించదు కనుక అక్కడ సందు మూయడం దండగ.

అన్నింటికంటే ఈ డయాఫ్రంను బాధించేది దీన్ని వెలుతురు తగ్గించే మీటగా వాడటం. కళ్లు చెదిరితే తగ్గించవలసింది దీపాన్ని. అందుకు వేరే నాబ్ ఉంటుంది. అది చాలకపోతే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ పెట్టవచ్చు. సందు మూసి కళ్లను కాపాడుకున్న విద్యార్థి, కణంలోని వివరాన్ని తెలియకుండానే పోగొట్టుకుంటాడు. లోపం కంటికి తెలియదు, ఎందుకంటే బొమ్మ మరింత పదునుగానే కనిపిస్తుంది. ప్రాక్టికల్స్ తరగతిలో మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది.

రేకులు సున్నితమైనవి. వేలితో నొక్కకూడదు, మీటను బలవంతంగా తోయకూడదు, బిగుసుకుందని నూనె వేయకూడదు. నూనె పట్టిన రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇమ్మర్షన్ ఆయిల్ కిందికి కారితే అప్పుడే లెన్స్ పేపరుతో తుడవాలి. ఒక్క రేకు వంగినా సందు గుండ్రంగా ఉండదు. దాన్ని సరిచేయడం మరమ్మతు తెలిసినవారి పని.