డాష్‌బోర్డు కింద శీర్షాసనం

పాత కారు హెడ్‌లైట్ స్విచ్ మార్చడం గురించి పుస్తకాలన్నీ ఒకే మాట చెబుతాయి: ఇది చాలా తేలికైన పని. నిజమే, పని తేలికే. చేసే మనిషి వంగాల్సిన తీరే తేలిక కాదు. 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌నే తీసుకుందాం. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం ముందుకొచ్చిన ఆ కారులో, స్టీరింగ్‌కు ఎడమపక్క డాష్‌బోర్డు మీద ఒక చిన్న నాబ్ ఉంటుంది. ఒక మెట్టు లాగితే పార్కింగ్ లైట్లు, రెండో మెట్టు లాగితే హెడ్‌లైట్లు. అదే నాబ్‌ను తిప్పితే మీటర్ల వెనక దీపాలు హెచ్చుతాయి, తగ్గుతాయి. ఎడమకు చివరిదాకా తిప్పితే కారు లోపలి దీపం వెలుగుతుంది. ఇన్ని పనులు నెత్తినేసుకున్న నాబ్‌ను ఊడదీయాలంటే ముందువైపు ఎంత వెతికినా స్క్రూ కనబడదు, మేకు కనబడదు, గీత కూడా కనబడదు. ఊడదీసే ఉపాయం వెనక ఉంది, తీగల గుబురులో, చీకట్లో, ఒక బుల్లి మీట రూపంలో. దీన్ని చూసి పాతకాలం ఇంజనీర్లకు జాలీ దయా లేవని తిట్టుకునేవాళ్లు చాలామంది. నా వాదన వేరు. వాళ్లు ఆ మీటను దాచారు గాని దానికి తాళం వేయలేదు. దాచడానికీ తాళం వేయడానికీ మధ్య తేడా పట్టించుకోకపోవడం వల్లే పాత కార్లు మొండివనీ, కొత్త కార్లు మర్యాదస్తులనీ అనుకుంటున్నాం. ఆ లెక్క తలకిందులుగా ఉంది, స్విచ్ విప్పే మనిషిలాగే.

పని ఎలా సాగుతుందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి. ప్రతి పుస్తకంలోనూ మొదటి వాక్యం ఇదే, ప్రతి మగాడూ చదవకుండా దాటేసే వాక్యమూ ఇదే. కారు ఆపాం కదా, తాళంచెవి జేబులో ఉంది కదా అంటారు. హెడ్‌లైట్ స్విచ్‌కు కరెంటు ఇగ్నిషన్‌తో నిమిత్తం లేకుండా బ్యాటరీ నుంచే వస్తుంది, తాళంచెవి జేబులో ఉన్నా కాశీలో ఉన్నా దానికొకటే. తర్వాత నాబ్‌ను పూర్తిగా బయటికి లాగాలి, అంటే హెడ్‌లైట్లు వేసిన స్థితికి. కాస్త వేదాంతం ఇక్కడే మొదలవుతుంది: లైటు వేయాలి, వెలగకూడదు. ఆ స్థితిలో ఉన్నప్పుడే లోపలి కొక్కెం మీటకు అందుతుంది. ఇక నడుము సీటు అంచున, తల పెడల్స్ దగ్గర, కాళ్లు తలుపు బయట పెట్టి, ఒక చెయ్యి డాష్‌బోర్డు వెనక్కి పోనివ్వాలి. స్విచ్ ఒంటిని వేళ్లతో తడిమితే ఒకచోట స్ప్రింగుతో కదిలే చిన్న బొడిపె తగులుతుంది. దాన్ని లోపలికి నొక్కిపట్టి, రెండో చేత్తో ముందునుంచి నాబ్‌ను లాగితే నాబ్ తన పొడుగాటి కడ్డీతో సహా సాఫీగా జారి వచ్చేస్తుంది. ఏ బొడిపెను పడితే దాన్ని నొక్కి, రానిదాన్ని బలవంతంగా లాగినవాళ్లకు వంకరపోయిన కడ్డీ మిగులుతుంది. కడ్డీ వచ్చాక ముందున్న గుండ్రటి నట్టు తిప్పడం, వెనక వేలాడే స్విచ్ నుంచి ప్లగ్ పీకడం. తీగలు పట్టుకు పీకొద్దని వేరే చెప్పాలా, చెప్పాలి, అందరూ తీగలే పట్టుకుంటారు.

కొత్త స్విచ్ బిగించేటప్పుడు ఒక విషయం బయటపడుతుంది. కడ్డీ దూర్చడానికి మీట నొక్కే పనే లేదు. ముందునుంచి నాబ్‌ను నెడితే కడ్డీ లోపలికి పోయి, టక్కుమని తనంతట తానే చిక్కుకుంటుంది. ఈ టక్కుమన్న చప్పుడే నా ముఖ్య సాక్షి. ఫ్యాక్టరీలో స్విచ్ బిగించే కార్మికుడికి ఆ మీటతో అవసరమే లేదన్నమాట. నెట్టాడు, పక్క కారుకు పోయాడు. మరి ఆ మీట ఎవరి కోసం? డబ్బు పెట్టి, స్ప్రింగు పెట్టి, అచ్చులో చోటు పెట్టి తయారుచేసిన ఆ మీట ఎన్నో ఏళ్ల తర్వాత స్విచ్ విప్పబోయే మనిషి కోసం. పోపుల పెట్టెలో దాచిన డబ్బూ అంతే. అది ఇంట్లో అందరికీ కనబడేలా ఉండదు, అలాగని దానికి తాళమూ ఉండదు. చోటు తెలిసినవాళ్ల చేతికి అందుతుంది, చోటు కావాల్సినవాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. మస్టాంగ్ విషయంలో చెప్పినవాడు ఫోర్డే. విప్పే పద్ధతి షాప్ మాన్యువల్‌లో అచ్చు వేసి పెట్టాడు. రహస్యాన్ని రాసి, బైండు కట్టి, వెల పెట్టి అమ్మాక దాన్ని రహస్యం అనడం మర్యాద కోసమే.

ఫ్యాక్టరీలోనే తప్పుగా బిగించినవాటిని విప్పుకోవడానికి ఆ మీట పెట్టుకున్నారు గాని నీ కోసం నా కోసం కాదు అనొచ్చు ఎవరైనా. కావచ్చు, నేనేం కాదనను. ఊరేగింపు కోసం వేసిన రోడ్డు మీద మనం నడిచినా గమ్యం చేరతాం. అయితే ముందువైపే పెట్టొచ్చుగా, మనిషిని ఇలా పడుకోబెట్టడమెందుకు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాలి. హెడ్‌లైటు నాబ్ లాగే నాబ్. రాత్రి, వానలో, కంగారులో, బలంగా లాగుతాం. ముందునుంచి సులువుగా ఊడేలా ఉంటే ఏదో ఒక వానరాత్రి నాబ్ చేతిలోకి వస్తుంది, లైట్లు కారులోనే ఉండిపోతాయి. బ్రిటిష్‌వాళ్లు మరో దారి పట్టారు. మోరిస్, ఎంజీ లాంటి పాత కార్లలో చాలావాటికి నాబ్ మెడ మీద సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. లోపల స్ప్రింగు మీద చిన్న పిన్ను. పిన్నీసుతో దాన్ని నొక్కితే నాబ్ ఊడివస్తుంది. మన అంబాసిడర్ పుట్టిల్లు ఆ మోరిస్ వంశమే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్. పనిముట్టు పిన్నీసైనా బొటనవేలైనా నియమం ఒకటే: పొరపాటున ఊడకూడదు, కావాలంటే ఊడాలి.

ఇంతకీ ఈ స్విచ్ ఎందుకు పాడవుతుంది? ఇక్కడ తప్పు చాలావరకు మనిషిదే. ఆ కాలపు అమెరికన్ కార్లలో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్విచ్ గుండానే పోయేది, మధ్యలో రిలే లేదు. సీల్డ్ బీమ్ దీపం హై బీమ్‌లో 50 వాట్ల ప్రాంతంలో ఉండేది. రెండు దీపాలు, 12 వోల్టులు, మొత్తం సుమారు 8 ఆంపియర్లు. స్విచ్ లోపలి రాగి రేకులు ఇంతమేరకు ఓర్చుకుంటాయి. ఓనరుగారికి అది చాలదు. రాత్రిపూట రోడ్డంతా పెళ్లిపందిరిలా కనబడాలని 100 వాట్ల హాలోజెన్లు వేయిస్తాడు. కరెంటు 17 ఆంపియర్ల దాకా పోతుంది. కరెంటు రెట్టింపైతే కాంటాక్టుల దగ్గర పుట్టే వేడి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. కొన్నాళ్లకు ప్లగ్ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, కరిగి, స్విచ్‌కు అతుక్కుంటుంది. అప్పుడు ఓనరుగారు పాతకాలం ఇంజనీర్లను తిడతాడు. స్విచ్ మారిస్తే చాలదు, రిలే పెట్టి అసలు బరువు దానికి అప్పగించాలి. అప్పుడు స్విచ్ మీద రిలేను పిలిచేంత కరెంటే పడుతుంది.

ఆ స్విచ్‌లోనే ఇంకో ఏర్పాటు ఉంది, నాకు మీట కంటే అదే ముచ్చటగా తోస్తుంది. హెడ్‌లైట్లకు ఫ్యూజు లేదు, స్విచ్ కడుపులో సర్క్యూట్ బ్రేకర్ ఉంది. రెండు లోహాలు అతికించిన చిన్న రేకు. కరెంటు మితిమీరితే వేడెక్కి వంగి కనెక్షన్ తెంచుతుంది, చల్లారగానే తిరిగి కలుపుతుంది. దాంతో లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. లూకాస్ కంపెనీ స్విచ్‌కు మూడు స్థితులు, ఆఫ్, మసక, మిణుకుమిణుకు అని బ్రిటిష్ కార్లవాళ్లలో ఒక పాత జోకు. అమెరికన్ స్విచ్‌లో ఆ మిణుకుమిణుకును కావాలనే పెట్టారు. ఫ్యూజైతే ఒక్కసారి ఎగిరిపోతుంది, అరవై మైళ్ల వేగంలో ఉన్న మనిషి నల్లటి రాత్రిలోకి దూసుకుపోతాడు. మిణుకుమిణుకులోనైతే రోడ్డు అంచు కనబడుతూ ఆగుతూ ఉంటుంది, పక్కకు తీసి ఆపుకోవచ్చు. ఇంత ఆలోచించినవాళ్లు విప్పేవాడి గురించి మాత్రం ఆలోచించలేదంటే నేను నమ్మను. నడుము గురించి ఆలోచించలేదంటే నమ్ముతాను.

ఇక కొత్త కార్ల తరఫు వాదన, అది బలహీనమైందేమీ కాదు. వోక్స్‌వాగన్ గోల్ఫ్‌లో చాలా ఏళ్లు వాడిన గుండ్రటి లైటు స్విచ్‌ను తీయాలంటే సున్నా దగ్గర పెట్టి, లోపలికి నొక్కి, కాస్త కుడికి తిప్పి లాగితే మొత్తం చేతిలోకి వస్తుంది. పనిముట్టు అక్కర్లేదు, శీర్షాసనం అంతకన్నా అక్కర్లేదు. దాచడంలో ఫోర్డ్ కంటే నాజూకు. అదే రకం స్విచ్ తెచ్చి పెడితే కథ కంచికి. కానీ చీకటి పడగానే తనంతట తానే వెలిగే ఆటో రకం తెచ్చి పెడితే, అది చక్కగా బిగుసుకుంటుంది, ఆటో మాత్రం పని చేయదు. దాన్ని కంప్యూటర్‌కు లాంఛనంగా పరిచయం చేయాలి, కోడింగ్ చేయించాలి. బిగించడానికి చెయ్యి చాలు, ఒప్పించడానికి సాఫ్ట్‌వేర్ కావాలి. తాళమంటే ఇదే. దీపం సంగతి మరీనూ. 1940 మోడళ్లకు వచ్చిన ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమే, కొలత మారకుండా, పాతికేళ్ల తర్వాత ఈ మస్టాంగ్‌కూ వచ్చింది. ఇవాళ చాలా కార్లలో ఎల్ఈడీ చెడితే హెడ్‌లైటు మొత్తం మార్చాలి, బిల్లు చూశాక మనిషిని కూడా మార్చాల్సి వస్తుంది. కొత్త స్విచ్‌లు తక్కువ పాడవుతాయన్నది ఒప్పుకుంటాను, వాటి గుండా పోయేది కబురే, కరెంటు బరువు కాదు. ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగ్ జోలికి అందరూ పోకూడదన్నదీ ఒప్పుకుంటాను. ఆ తాళం ప్రాణం కోసం. ఆటో లైటు స్విచ్ తాళం ఎవరి ప్రాణం కోసమో చెప్పేవాళ్లు ఇంకా తగల్లేదు.

ఇదంతా పాత కార్ల మోజు అని తోసిపుచ్చడానికి వీల్లేదు, ఎందుకంటే ఓటర్లు కూడా ఇదే అడిగారు. మసాచుసెట్స్‌లో 2012లో రిపేరు హక్కు మీద ఓటింగ్ పెడితే జనం బ్రహ్మాండంగా అవునన్నారు. కార్లు వైర్‌లెస్‌గా పంపే సమాచారం కూడా అందాలని 2020లో మళ్లీ అన్నారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో కార్లూ ఉన్నాయి. అందరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని కారు కింద దూరాలని ఎవరూ అనడం లేదు. వీధి చివరి ఎలక్ట్రీషియన్‌కైనా దూరే దారి ఉండాలి, అంతే. మస్టాంగ్‌కు ఆ దారి ఉంది కాబట్టే అరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరెవరో కొత్త స్విచ్‌లు తయారుచేసి అమ్ముతున్నారు. అన్నీ మంచివి కావు, కొన్నిటి ప్లాస్టిక్ చూస్తే బొమ్మకారుకు సరిపోతుందనిపిస్తుంది. చూసి కొనుక్కోవాలి.

నడుము నొప్పి మాటేమిటంటారా, దానికీ ఉపాయముంది. డ్రైవరు సీటు ఊడదీస్తే కింద కాళ్లు చాపుకుని హాయిగా పడుకోవచ్చు. సీటుకు నాలుగే నట్లు. అవి మాత్రం కారు లోపల కనబడవు, ఫ్లోరుకు అడుగున, రబ్బరు మూతల వెనక ఉంటాయి.