మూత లేని జార్, జార్ లేని మూత

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులో దుప్పటి పరిచి, దాని మీద మూత లేని మిక్సీ జార్ పెడతారు. నాలుగు దుప్పట్లు దాటితే దానికి సరిపోయే మూత, వెనక డొప్ప ఊడిన టీవీ రిమోట్‌తో కాపురం చేస్తూ కనిపిస్తుంది. ఈ రెంటినీ జతచేసి ఇంటికి పట్టుకెళ్లేవాణ్ని పిసినారి అంటాం. అతగాడే జూబిలీహిల్స్‌లో పుట్టి, ఆ జార్ గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెబితే ‘సస్టెయినబుల్ లైఫ్‌స్టైల్’ అని శాలువా కప్పుతాం. పని ఒక్కటే, భాషను బట్టి మర్యాద. మర్యాదను బట్టి ధర కూడా. మక్కా మసీదు చుట్టుపక్కల మిస్వాక్ పుల్ల చిల్లర డబ్బులకు వస్తుంది. దాని దూరపు చుట్టం వెదురు బ్రష్ మాత్రం అట్టపెట్టెలో, ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాల కింద పడుకుని, పుల్ల ముఖం చూడటానికి కూడా ఇష్టపడదు.

ఇదంతా కడుపుమంట అనుకునేవాళ్లు పన్నుల పట్టీ చూడవచ్చు. 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. సైకిలు మీద 12. సైకిలు కూడా 5 శాతానికి దిగింది 2025 సెప్టెంబరులో. అంటే ఆరేళ్ల పాటు, బ్యాటరీతో నడిచే కారు కన్నా పిక్కల బలంతో నడిచే సైకిలే శాతం లెక్కన దేశానికి ఎక్కువ బాకీ పడింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. ఆటోలకూ బైకులకూ కూడా ఇచ్చారు, కాదనను. దాన్ని అందరూ ‘ప్రోత్సాహకం’ అన్నారు. అంతకు ముందు ఏడాది డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తే దాని పేరు ‘ఉచితాలు’ అయింది. చార్మినార్ దగ్గర కాలు పెట్టే సందు లేని బస్సులో వేలాడుతూ వెళ్లే మనిషి కన్నా తక్కువ పొగ ఎవరి ఖాతాలో పడుతుందో టీవీ చర్చల్లో ఎవరూ అడగలేదు.

పాతబస్తీవాళ్లది గతిలేక చేసే పొదుపే తప్ప ప్రకృతి మీద ప్రేమ కాదు, డబ్బొస్తే వాళ్లూ కొత్త మిక్సీ, ఏసీ కొంటారు అంటారు కొందరు. కొంటారు, కొనాలి కూడా. మే నెలలో రేకుల కింద ఉడికేవాడికి ఏసీ వద్దని చెప్పడానికి, ఏసీ గదిలో కూర్చున్నవాడికి నోరెలా వస్తుంది? మరి నాలాల్లో ప్లాస్టిక్ కవర్ల సంగతో? అదీ నిజమే, పాతబస్తీ రుషుల ఆశ్రమమేం కాదు. ఇరానీ హోటల్లో పింగాణీ కప్పు, సాసరు పక్కన ‘శుభ్రత’ పేరు చెప్పుకుని కాగితం కప్పు వచ్చి చేరింది. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంచితే, లోపలి ప్లాస్టిక్ పూత నుంచి 25,000 దాకా సూక్ష్మ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చారు. ఒక్క చాయ్ ముందు పావుగంట ఎవరు కూర్చుంటారని తేలిగ్గా తీసుకోవచ్చు గానీ, ఇరానీ హోటల్లో పావుగంటకు లేచేవాణ్ని తొందరమనిషి అంటారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇక్కడ రిపేరు చవక కావడానికి కారణం రిపేరు చేసే చెయ్యి చవక కావడం. రఫూ చేసేవాడు లోపలి మడత నుంచి పోగులు లాగి, చిరుగు మీద ఒక్కో పోగునూ పైకీ కిందికీ నేసుకుంటూ పోతాడు. చిరుగు మాయమవుతుంది, దాంతోపాటు అతని కళ్లూ కొంచెం కొంచెం పోతుంటాయి. అతని కూలి పెంచితే కొత్త చొక్కానే నయమంటాం, పెంచకపోతే మన పర్యావరణానికి ఖర్చు అతను భరించాలి. ‘పేదల నుంచి నేర్చుకుందాం’ అనే ఉపన్యాసాల్లో ఈ లెక్క రాదు. రిపేరు హక్కు కోసం కేంద్రం 2022 జులైలో కమిటీ వేసింది. కంపెనీలు విడిభాగాలూ మాన్యువళ్లూ అందుబాటులో పెట్టాలన్నది ఆలోచన. మంచిదే. 2017 నుంచి ఉర్దూ తెలంగాణకంతటికీ రెండో అధికార భాష కాబట్టి, ఆ మాన్యువల్ ఉర్దూలోనూ తెలుగులోనూ వస్తే ఇంకా మంచిది. కారుకు మాఫీ చేసిన దాంట్లో వెయ్యో వంతు రిపేరు కూలికి కలిపితే మరీ మంచిది. అప్పటిదాకా ఈ పద్దుకు నిధి ఒక్కటే: ‘పది తగ్గించు భయ్యా’ అన్నప్పుడు రఫూ మనిషి తలెత్తకుండా చెప్పే ‘నక్కో’.