పచారీ పండితులు

కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఆనకట్ట వల్ల కాలవలొచ్చాయి. కాలవల్లో పడవలొచ్చాయి. పడవల్లో సరుకులొచ్చాయి. సరుకులొచ్చాక ఊళ్ళో పచారీ కొట్టు వెలిసింది. కొట్టు ముందు అరుగు లేచింది. ఆ అరుగు మీదకి పండితులుగారు వచ్చి కూర్చున్నారు. వీటిలో చివరిదానికి తప్ప తక్కిన అన్నిటికీ డెల్టా జనం కాటన్ దొరని ఈనాటికీ తలుచుకుంటారు. చివరిదానికి ఆయన్ని బాధ్యుణ్ణి చేయడం ధర్మం కాదు.

1930 ప్రాంతాల్లో గోదావరి జిల్లాల్లో ఏ ఊరి కొట్టుకి వెళ్ళినా ఈయన తగిలేవారు. ఏ బడిలోనూ పండితులు కారు. వైద్యం చదవలేదు, వ్యాపారం చెయ్యలేదు. ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చేసి, పొద్దున్నే చద్దన్నం తిని, పైపంచెతో అరుగు దులిపి, గోడకి చేరగిలబడితే మళ్ళీ మధ్యాహ్నం భోజనానికే లేచేవారు. ఆయన కొట్టులో కొనేదల్లా కానీ ముక్కుపొడుం. అణాకి నాలుగు కానీలు గనక అదేమంత ఖర్చు కాదు. ఆ కాస్తా కూడా ఖాతాలోనే. ఆయన తల వెనకాల గోడ మీద సుద్దతో "అరువు రేపు" అని రాసి ఉండేది. దానికి వీపు ఆనించి కూర్చుంటారు కాబట్టి ఆయన కంట అది ఏనాడూ పడలేదు.

ఈయన పాండిత్యం అర్థం కావాలంటే ముందు కొట్టు చూడాలి. నోళ్ళు మడిచిన గోనెసంచుల్లో కందిపప్పు, మినుములు, ఎండుమిరపకాయలు. ఒక మూల చింతపండు బుట్ట, ఈగలు కాపలా కాస్తున్న బెల్లం అచ్చులు. గుమ్మానికి ఇవతల, వాసన పప్పుల్లోకి పోకుండా, కిర్సనాయిలు డబ్బా. శెట్టిగారి చేతికి అందే ఎత్తులో వరసగా చెక్క సొరుగులు. ఒకదాంట్లో శొంఠి, ఒకదాంట్లో వాము, ఇంకోదాంట్లో మిరియాలు, ఆపైన పిప్పళ్ళు, కరక్కాయలు, వస కొమ్ములు, జాజికాయ, ఇంగువ. ఇందులో వంట సామాను ఎక్కడ ఆగిందో, మందు సామాను ఎక్కడ మొదలైందో శెట్టిగారికే తెలీదు. మిరియాలు చారులో పడితే వంట, దగ్గుకి నూరితే వైద్యం. ధర మాత్రం ఒకటే. వంటకీ వైద్యానికీ నడుమ గోడ లేని ఆ సందులోనే పండితులుగారు కాపురం పెట్టారు.

ఆయనకి రెండు శాఖలు. మొదటిది బేరం. అప్పట్లో తూకం వీశెల్లో, వీశె అంటే నూట ఇరవై తులాలు. నూనె గిద్దల్లో, సోలల్లో. సోలకి నాలుగు గిద్దలు. ఈ లెక్కలు ఊళ్ళో అందరికీ వచ్చు. అయినా పండితులుగారు ఎవరి బేరమూ వాళ్ళకి వదిలేవారు కారు. ఏ ఇల్లాలో అరవీశె చింతపండు అడిగితే చాలు, అరుగు మీంచి గొంతు లేచేది.

"శెట్టీ, ఆ త్రాసు అటు మొగ్గుతోందేం?"

శెట్టిగారు మారుమాట్లాడకుండా రెండు తట్టలూ ఖాళీ చేసి, ముల్లు నిలబడేదాకా పట్టుకుని చూపించేవారు. ఒక తట్ట అడుగున పాసంగానికి అంటించిన చింతపండు ముద్ద కనిపించేది.

"పాసంగం సరిగ్గానే ఉందండి, ఆయ్. మొగ్గింది త్రాసు కాదు, తమరి తల."

"సరే, మరి కొసరు?"

ఇక్కడ మాత్రం ఆయన ఓడిపోయిన రోజు లేదు. కొసరుగా చిన్న బెల్లం ముక్కో, గుప్పెడు పుట్నాల పప్పో రాలేది. అందులో సగం న్యాయవాది రుసుము కింద అరుగు మీదే ఆగిపోయేది. బేరం ఆవిడది, కొసరు ఈయనది.

రెండో శాఖ వైద్యం. ఆయన శాస్త్రంలో ప్రపంచంలోని రోగాలు మూడే: వేడి చేసింది, జలుబు చేసింది, వాతం కమ్మింది. ఈ మూడింట్లోనూ ఇమడకపోతే దిష్టి తగిలింది. రోగి తన రోగం చెప్పుకోవాల్సిన అవసరమే లేదు. రోగి రావాల్సిన అవసరం కూడా లేదు. ఏ ఇంటికి ఏ సరుకు వెళుతోందో చూసి ఆ ఇంట్లో ఎవరికి ఏమైందో ఆయనే తేల్చేవారు. వాము వెళితే అజీర్తి. వస కొమ్ము వెళితే పసిబిడ్డ కడుపు ఉబ్బరం. పిప్పళ్ళు వెళితే ముసలాయన దగ్గు తిరగబెట్టింది. బెల్లం ఎక్కువగా వెళితే పెళ్ళివారు వస్తున్నారు. సాయంత్రానికి ఈ భోగట్టా అంతా చెరువు గట్టుకి చేరేది.

ఒకనాడు ఒక కుర్రాడు మెడకి తాడు కట్టిన సీసా ఊపుకుంటూ అర్ధణా కిర్సనాయిలుకి వచ్చాడు. వచ్చీ రాగానే మూడు తుమ్ములు తుమ్మాడు.

"ఏరా అబ్బీ, రొంపా?"

"కాదండీ, తమరి ముక్కుపొడుం ఎగిరిందండి."

"పొడుం తుమ్మయితే రెండే వస్తాయిరా. నీకు మూడొచ్చాయి. శెట్టీ, వీడికి కానీ శొంఠి, కానీ మిరియాలు పొట్లం కట్టు."

"మా అమ్మ కిర్సనాయిలు తెమ్మందండీ."

"ఓ పూట దీపం లేకపోతే ప్రాణం పోదు. రొంప ముదిరితే ఏమవుతుందో తెలుసా నీకు?"

శెట్టిగారు పాత పత్రిక కాగితం చింపారు. ఎడమచేత్తో మూల మడిచి గరాటులా చుట్టి, శొంఠి ముక్కలు వేసి, పైన నాలుగు మడతలు పెట్టారు. దూలానికి వేలాడుతున్న దారపు ఉండ నుంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి, పుటుక్కున తెంపారు. ఇదంతా రెప్పపాటు పని. కుర్రాడు పొట్లం జేబులో వేసుకుని, ఖాళీ సీసా ఊపుకుంటూ ఇంటికెళ్ళాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో దీపం వెలగలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ అరుగు ముందు నిలబడింది.

"అన్నయ్యగారూ, మీరిప్పించిన శొంఠి దీపంలో వేశానండీ. వెలగలేదు."

పండితులుగారు ఒక పట్టు పట్టి, ముక్కు తుడుచుకుని, తొణక్కుండా అన్నారు: "ఎలా వెలుగుతుందమ్మా, పథ్యం చెయ్యకపోతే?"

పథ్యం ఆయన వైద్యానికి కంచుకోట. నయమైతే మందు గొప్పది. నయం కాకపోతే రోగి పథ్యం తప్పాడు. తప్పలేదని రోగి ఒట్టేస్తే, ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు పక్కన నిలబడ్డావా లేదా అని అడిగేవారు. గోదావరి జిల్లాల్లో ఆవకాయ జాడీ పక్కన నిలబడని మనిషి ఎక్కడున్నాడు? కేసు అక్కడితో కొట్టేసేవారు.

ఇంతకీ ఆయన చెప్పే చిట్కాలు దొంగవి కావు. అజీర్తికి వాము, రొంపకి శొంఠి కషాయం, గొంతు నొప్పికి ఉప్పునీళ్ళ పుక్కిలింత, బెణికిన చోట ఉప్పుకాపడం, బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు, పిల్లలకి నెలకోసారి ఆముదం. పిల్లలు జన్మలో మరిచిపోనిది చివరిదొక్కటే. ఇవన్నీ ఊళ్ళో ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. పండితులుగారికి మాత్రం రాత్రి పూట వచ్చేది, అదీ భార్య దగ్గర్నుంచి. అన్నం వడ్డిస్తుంటే, ఎవరి సంగతో చెబుతున్నట్టుగా, "ఫలానా వాళ్ళ పిల్లాడికి వాంతులటే" అనేవారు. "ముందు వాడేం తిన్నాడో అడిగారా?" అనేది ఆవిడ. ఆ ప్రశ్న ఆయన ఎన్నడూ అడగలేదు. మర్నాడు అరుగు మీద మాత్రం అదే మొదటి ప్రశ్న. అందరూ ఆహా అనేవారు.

ఆయన ప్రాక్టీసుకి పోటీ లేకపోలేదు. తాలూకా ఊళ్ళో లోకల్ ఫండు ఆసుపత్రి ఉండేది. సీసా మనమే తీసుకెళ్ళాలి. కాంపౌండరు అందులో ఎర్రనీళ్ళు పోసి, మోతాదు తెలియడానికి అంచులు కత్తిరించిన కాగితపు పట్టీ సీసాకి అంటించి ఇచ్చేవాడు. "మందు కొలవడానికి కాగితం కావలసిందంటే అది మందేనా?" అనేవారు పండితులుగారు. ఆయన మోతాదులన్నీ చిటికెడు, గుప్పెడు, ఉసిరికాయంత.

అమృతాంజనం సంగతి వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆ రాబడితోనే ఆంధ్రపత్రికని నిలబెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. ఊరికి ఆ పత్రిక ఒక్కటొచ్చేది. అరుగు మీద పండితులుగారే పైకి చదివేవారు. మొదట్లో ఆ మందు ప్రకటన వచ్చేసరికి గొంతు తగ్గించి దాటేసేవారు. దాన్ని చేసినాయన మన కృష్ణాజిల్లా వారేననీ, జనం దేశోద్ధారక అంటున్నారనీ తెలిశాక ఆ ప్రకటన కూడా సంపాదకీయంలా చదవడం మొదలెట్టారు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నారు. చెప్పడం మొదలెట్టాక ఆయనకి రోజూ తలనొప్పి వచ్చేది. ఎవరి ఇంట్లో డబ్బీ ఉంటే ఆ ఇంటి ముందే వచ్చేది.

రాజకీయం కూడా ఆయన చేతిలో వైద్యమే అయ్యేది. ఉప్పు పన్ను మీద ఆయనకి పాత కోపం. 1923లో దొరతనం వారు మణుగుకి రూపాయి పావలా ఉన్న పన్నుని రెండున్నర రూపాయలు చేసి, మరుసటి ఏడు మళ్ళీ దించారు. 1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. మన తీరాన కూడా వలంటీర్లు ఉప్పు వండడం మొదలుపెట్టారు. పండితులుగారు అరుగు మీద లేచి నిలబడి, పన్ను కట్టిన ఉప్పు ఇక ముట్టనని శపథం చేశారు. ఊరంతా మెచ్చుకుంది. సముద్రం దూరం, వలంటీర్ల ఉప్పు ఊరిదాకా రాలేదు. అందరికీ ఉప్పులేని పథ్యం రాసే మనిషి రెండు పూటలు చప్పిడి చారు తిన్నారు. మూడో పూట కంచంలో చారు మామూలుగా ఉంది. ఉప్పెక్కడిదని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మరి శెట్టిగారు ఈ మనిషిని ఎందుకు భరించారు? ఊరికి అంతుపట్టని ప్రశ్న ఇదొక్కటే. అవి మాంద్యం రోజులు. ధాన్యం ధర పడిపోయి, రైతుల ఖాతాలన్నీ పేరుకుపోయాయి. కాకినాడ షావుకారుకి శెట్టిగారే బాకీ. పిల్లలు ఒళ్ళో వడ్లు పోసుకొచ్చి బెల్లం అడుగుతున్నారు. అలాంటి రోజుల్లో ముక్కుపొడుం ఖాతా ఒక్కటి మాత్రం అడిగేవాడు లేక పెరుగుతూ పోయింది.

పండితులుగారు నాలుగు రోజులు అరుగు మీదకి రాకపోయేసరికి జవాబు దొరికింది. ఆ నాలుగు రోజులూ శొంఠి సొరుగు తెరవలేదు. పిప్పళ్ళు అడిగినవాడు లేడు. జనం పప్పు, ఉప్పు, కిర్సనాయిలు కొనుక్కుని నోరు మూసుకుని వెళ్ళిపోయారు. కొట్టులో ఎవరూ తుమ్మలేదు, తుమ్మినా దానికి పేరు పెట్టినవాడు లేడు. శెట్టిగారు సొరుగుల వంక చూసి, చిట్టా తీసి, ముక్కుపొడుం పద్దు మొత్తం కొట్టేశారు.

పండితులుగారు రాకపోవడానికి కారణం చలిజ్వరం. కాలవలున్న చోట దోమలకి కరువేముంది? దోమ కడుపులో మలేరియా పురుగుని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే పట్టుకున్నాడు. దానికి నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. పండితులుగారు ఇవ్వలేదు. చలిజ్వరం కొత్తనీరు పడక వస్తుందని ఆయన సిద్ధాంతం. దుప్పట్లు కప్పుకుని వణుకుతూనే, పోస్టాఫీసులో అమ్మే క్వినైన్ పొట్లాలకి పొరుగింటి కుర్రాణ్ణి పంపారు. ఎవరికీ చెప్పొద్దని వాడి చేత ఒట్టేయించుకున్నారు. పంపింది కిర్సనాయిలు సీసా కుర్రాణ్ణే కాబట్టి, సంగతి ఆయన మొదటి మోతాదు మింగేలోపే కొట్టుకి చేరింది.

కాస్త కోలుకుని అరుగెక్కగానే, "నేలవేము కషాయం, మూడు పూటలు. జ్వరం పారిపోయింది" అన్నారు.

"చిత్తం, తమరి చెయ్యి అలాంటిదండి" అన్నారు శెట్టిగారు. నవ్వలేదు. నేలవేము ఏ సొరుగులో ఉందో చూసి పెట్టుకున్నారు.

పండితులుగారి వైద్యం వల్ల బతికినవాళ్ళు ఊళ్ళో చాలామంది. ఆ వైద్యం చేయించుకుని కూడా బతికినవాళ్ళు అంతకంటే ఎక్కువ. జబ్బుగా ఉన్న ఇంటికి వెళ్ళి "ఎలా ఉంది?" అని అడగడానికి ఆయనకి ఎప్పుడూ తీరికుండేది, దానికి రుసుము పుచ్చుకోలేదు. అందువల్ల ఊరు ఆయన్ని నవ్వుకుంటూనే నమ్మింది. కాబట్టి మీ ఇంట్లో శొంఠి, వాము ఉంటే ఉండనివ్వండి. రొంపకి, అజీర్తికి నిక్షేపంలా వాడుకోండి. చలిజ్వరం వస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్ళండి. పండితులుగారు కూడా అప్పుడు శొంఠిని నమ్ముకోలేదు. ఆ మాట పైకి అనలేదంతే.