పెళ్లి ఇక్కడ... లడ్డూలు అక్కడ!

బీబీసీ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'కి 2013 నవంబరు 23న యాభై ఏళ్లు నిండాయి. పండక్కి ప్రత్యేక ఎపిసోడ్ తీసింది బీబీసీ. బీబీసీకి ఏటా లైసెన్సు రుసుం కట్టేది బ్రిటన్ జనం. ట్రైలర్ మాత్రం జులైలోనే అమెరికాలో, శాన్ డియాగోలో జరిగే అభిమానుల జాతర కామిక్-కాన్ హాల్లో కూర్చున్నవాళ్లకే వేశారు! కన్యాదాత చెప్పుల దగ్గర నిలబడ్డట్టయింది బ్రిటన్ అభిమాని పని. అలిగాడు.

అక్టోబరులో అతగాడికీ ఒకటి వదిలారు. ఇన్నేళ్లలో హీరో 'డాక్టర్' వేషం వేసిన పాతవాళ్లంతా కనిపించారు, కొత్త కథలోంచి ఒక్క దృశ్యమూ లేదు. ఆకు వేసి, నీళ్లు చల్లి, తాతల నాటి పెళ్లి ఆల్బం చేతిలో పెట్టినట్టు.

నవంబరులో అసలు ట్రైలర్ రాగానే అభిమానులు ఫ్రేము ఫ్రేమునీ పీకి పందిరేశారు. కొత్తగా ఆ వేషం కట్టిన జాన్ హర్ట్ ఎన్నో నంబరు డాక్టర్? ఆయన్ని మధ్యలో కలిపితే పదకొండోవాడు పన్నెండోవాడైపోడూ? అధికమాసం గురించి మన సిద్ధాంతులైనా ఇంతగా కొట్టుకోరు.

కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే నీలం పెట్టె కథ కదా 'డాక్టర్ హూ'. చూసేవాడికి మాత్రం నాలుగు నెలలు గడవలేదు, పాపం. చివరికి ఎపిసోడ్‌ని 94 దేశాల్లో ఒకేసారి వేశారు. టీవీ కట్టేయకముందే అభిమానులు మళ్లీ మెడలు సాచారు, క్రిస్మస్ ఎపిసోడ్ ట్రైలర్ కోసం.