యాభై రూపాయల కరుణ

కరుణకు వెల కట్టరాదని మన పెద్దలు చెప్పుచుందురు గాని, 1960లో భారత పార్లమెంటు ఆ పనిని నిరాటంకముగా నెరవేర్చినది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో స్వయముగా ప్రవేశపెట్టిన బిల్లును, ప్రభుత్వమే ఇంతకంటె సమగ్రమైన శాసనము తెచ్చునన్న నెహ్రూ హామీపై ఉపసంహరించుకొనగా, ఆ హామీ ఫలించి వెలసిన జంతుహింసా నివారణ చట్టము, మూగజీవిని చితకగొట్టినను, మోయలేని బరువు మోపినను, తోటి ప్రాణితో పోరుకు ఉసిగొల్పినను, తొలి నేరమునకు యాభైకి మించని రూపాయలు చెల్లింపుమని శాసించుచున్నది. ఆనాటికి అది లెక్కింపదగిన మొత్తమే. ఆపైన బంగారము ధర మారినది, బియ్యము ధర మారినది, శాసనకర్తల జీతభత్యములు పెక్కుమారులు మారినవి; యాభై రూపాయలకు మాత్రము కరవుభత్యము మంజూరు కాలేదు.

రెండవమారు పట్టుబడినచో నూరు రూపాయలవరకు జరిమానాయో, మూడు నెలలవరకు కారాగారమో కలదని ఉలికిపడువారికి ఊరటయు అందే కలదు: ఆ రెండవ తప్పు మొదటిదానికి మూడేండ్లలోపల జరిగియుండవలెను. కావున నాలుగేండ్లకొకమారు మాత్రమే ఎద్దు తోక మెలిపెట్టు ఓర్పు గలవాడు చట్టము దృష్టిలో ఎప్పుడును కొత్తవాడే.

గోదావరి జిల్లాలలో ఈ శాసనమునకు ఏటేటా సంక్రాంతినాడు పరీక్ష జరుగుచుండును. 2016 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఉమ్మడి హైకోర్టు కోడిపందెములను అరికట్టి తీరవలెనని ఆదేశించెను. మరుసటి నెలలోనే భీమవరము చుట్టుపట్ల బరులు యథావిధిగా వెలసెను. పండుగకు ముందు ట్రాక్టర్లతో బరులను దున్నించి, కత్తులు స్వాధీనపరచుకొని, పత్రికలవారికి ఛాయాచిత్రములిచ్చు రక్షకభటులు భోగి మధ్యాహ్నమునకు ఎటు పోవుదురో కుక్కుటశాస్త్రమందు సైతము చెప్పబడలేదు. ఏ వేళ డేగ పుంజు గెలుచునో, ఏ దిక్కున కాకి పుంజును వదలవలెనో మాత్రమే అది చెప్పును. జీడిపప్పు, బాదము, కైమా పెట్టి నెలల తరబడి పెంచిన పుంజు కాలికి కత్తి కట్టువాడు దారమును పొరలుపొరలుగా చుట్టి బిగించుచున్నప్పుడు, దానిని ఒడిలో పట్టుకొన్న యజమాని ఆప్యాయముగా మెడ నిమురుచునే యుండును. పిమ్మట కొన్ని నిమిషములలో లక్షలు చేతులు మారును. చట్టము కోరు యాభై రూపాయలు ఆ బరి ప్రక్కన అమ్ము కోడిపలావు పొట్లమునకైనను చాలవు.

మూగజీవులవలెనే ఓటు లేని మరియొక జాతి పిల్లలది. వారికై ఐక్యరాజ్యసమితి 1989లో బాలల హక్కుల ఒడంబడిక చేసినది. 1992లో మనము దానిలో చేరుచు, ప్రతి పనికిని కనీస వయస్సు వెంటనే నిర్ణయించుట సాధ్యము కాదనియు, క్రమక్రమముగా చేయుదుమనియు ఒక ప్రకటన జోడించితిమి. ఆ క్రమము 2017లో అంతర్జాతీయ కార్మికసంస్థ ఒప్పందములు రెండింటిని ఆమోదించు వరకు వచ్చినది. అయితే అంతకు ముందటి ఏడాదే బాలకార్మిక చట్టమును సవరించి, పదునాలుగేండ్లలోపు పిల్లలు బడివేళలు దాటినపిమ్మట ప్రమాదకరము కాని కుటుంబవృత్తిలో తోడ్పడవచ్చుననియు, కుటుంబమనగా తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రే గాక తల్లిదండ్రుల తోబుట్టువులు సైతమనియు నిర్వచించిరి. సమష్టి కుటుంబము శిథిలమైపోయెనని వగచువారు ఈ వివరణము చదివి సంతసింపవలెను.

గద్వాల ప్రాంతపు సీడ్ పత్తి చేలలో, సాయంకాలము మొగ్గల రేకులను కేసరములను గోటితో ఒలిచివేసి, మరునాటి ఉదయము వానికి మగపువ్వు పుప్పొడి అద్దెడి క్రాసింగ్ పనికి, మొక్కకు సరిపడు పొడవును చురుకైన వ్రేళ్ళును గల బాలికలే తగుదురని ఏనాడో తేల్చిరి. పువ్వు బడిగంట కొరకు ఆగదు. విత్తనము కంపెనీది, ఒప్పందము ఆర్గనైజరుది, చేను రైతుది. పిల్ల ఎవరి బాధ్యత యన్నదే తేలవలసియుండును. తనిఖీకి వచ్చిన అధికారి గట్టుమీద నిలిచి, "ఏం పాపా, ఈ చేను ఎవరిది?" అని అడుగును.

"మా మామోళ్లది సార్."

తెలుగు పల్లెలో మామ కానివాడెవడు? అధికారి 'కుటుంబవృత్తి' అని పుస్తకమున వ్రాసికొని ప్రక్క చేనికి కదలును. అచ్చట చిన్నాన్న ఉండును.